భూగర్భ విద్యుత్తీగలు

గాలివాన వచ్చి పోయిన ప్రతి పర్యాయమును కృష్ణామండలమున ఒకే ప్రశ్న తలయెత్తుచున్నది. స్తంభములు కూలినవి, తీగలు తెగినవి, ఊళ్లు చీకటిలో మునిగినవి. ఈ తీగలనే నేలలో పాతియుండినచో ఇంత బాధ యుండెడిదా యని జనులు అడుగుచున్నారు. నాలుగు దినములు గడచి దీపములు వెలుగగానే ఆ ప్రశ్న ఆరిపోవుచున్నది. అయితే 2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెమున రాజధానికి శంకుస్థాపన జరిగిన పిమ్మట అది మునుపటివలె ఆరిపోవుట లేదు. అమరావతిలో విద్యుత్తీగలన్నియు నేలక్రిందనే పోవలయునని ప్రణాళికాకర్తలు నిశ్చయించిరి. కృష్ణకు ఆవలియొడ్డున తీగ కంటబడని నగరమును కట్టుచుండగా, ఈవలియొడ్డున విజయవాడ వన్‌టౌను సందులలో మేడమీది పిట్టగోడకు చేరువనే తీగలు వ్రేలాడుచున్నవి. బందరువారును, అవనిగడ్డవారును, రేపల్లెవారును ఆ భాగ్యము మాకేల లేదని అడిగినచో వారిని తప్పుపట్టుటకు వీలులేదు.

మా యభిప్రాయమును ముందుగా చెప్పి కారణములను పిమ్మట విన్నవింతుము. పట్టణముల నడిబొడ్డున, రథములు నడచు వీథులలో, ఆసుపత్రులకును మంచినీటి పంపులకును పోవు ఫీడర్లలో తీగలను నేలలోనికి దింపవలసినదే. ఇందు జాగు తగదు. పంటపొలములలో దింపవలదు, అచట పైనున్న తీగనే ఎత్తవలెను, దానికి తొడుగు వేయవలెను, స్తంభమును గట్టిపరుపవలెను. ఈ రెండింటికంటెను ముందుగా చేయవలసిన పని వేరొకటి కలదు. సబ్‌స్టేషన్లను వరద మట్టమునకు పైకి తీసికొనిపోవుటయే ఆ పని. 2024 సెప్టెంబరులో బుడమేరు మనకు నేర్పిన పాఠమును, భూగర్భ కేబుళ్లను గురించి ఉత్సాహముతో మాటలాడువారు అప్పుడే మరచుచున్నట్లు కనబడుచున్నది.

మొదట గాలి సంగతి. మన తీరమునకు తుపాను క్రొత్త చుట్టము కాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు పైబడి జనులు మరణించిరి. స్తంభములు కూలి, టెలిఫోను తీగలు తెగి, నాగాయలంక, కోడూరు ప్రాంతములలో జరిగిన ఘోరము బయటి లోకమునకు వెంటనే తెలియనైన తెలియలేదు. 1990 మే 9వ తేదీ తుపాను మరల కృష్ణా ముఖద్వారపు ప్రాంతమునే కొట్టినది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ విశాఖపట్టణమును దినముల తరబడి చీకటి చేసినది. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ బాపట్ల చేరువను, 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా నరసాపురము చేరువను తీరము దాటినవి. ఉప్పెన వచ్చి ఊరే కొట్టుకొనిపోవునప్పుడు తీగ పైన నున్నను క్రింద నున్నను ఒక్కటే. 1977లో ప్రాణములు తీసినది నీరు గాని చీకటి కాదు. కాని ఉప్పెన రాని గాలివానలు ఎన్నో కలవు. వానిలో గోడలు నిలిచి, మనుష్యులు బ్రతికి, విద్యుత్తు లేనందుచేత మాత్రమే కలుగు నష్టము నానాటికి పెరుగుచున్నది.

ఒకప్పుడు దీపము లేకున్న కిరసనాయిలు బుడ్డి వెలిగించుకొని కూర్చుండిన సరిపోయెడిది. నేడు పల్లెలో సైతము త్రాగునీరు మోటారుతో ట్యాంకునకు ఎక్కవలెను. కైకలూరు, మండవల్లి, నాగాయలంక ప్రాంతములలో రొయ్యల చెరువులకు రాత్రివేళ ఏరేటర్లు తిరుగకున్న నీటిలో ప్రాణవాయువు తగ్గి, తెల్లవారునప్పటికి రొయ్య తేలిపోవును. జనరేటరు ఉన్న ఆసామి డీసెలు పోసి గట్టెక్కును. లేనివాని పెట్టుబడి యంతయు ఒక్క రాత్రిలో పోవును. ఆసుపత్రిలో యంత్రముపై ఊపిరి పీల్చు రోగి మాట చెప్పనక్కరలేదు. కావున తీగ తెగుట ఇదివరకటివలె కేవలము అసౌకర్యము కాదు.

తుపాను లేని దినములలో జరుగు నష్టమును గురించి పత్రికలలో నాలుగు పంక్తులకు మించి రాదు గాని, మా దృష్టిలో అదియే పెద్దది. 2022 జూన్ 30వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలము చిల్లకొండాయపల్లి వద్ద కూలిపనికి పోవుచున్న స్త్రీల ఆటోపై తీగ తెగిపడి ఐదుగురు సజీవదహనమైరి. ఉడుత తీగపైకి ఎక్కుటయే కారణమని అధికారులు సెలవిచ్చిరి. ఉడుతకు నిజముగా అంత శక్తియే యున్నచో, తెగిన తీగలో విద్యుత్తును రెప్పపాటున ఆపవలసిన రక్షణయంత్రము ఏమి చేయుచున్నదని అడుగవలసి యున్నది. 2024 నవంబరులో తూర్పుగోదావరి జిల్లా తాడిపర్రులో ఫ్లెక్సీ కట్టుచు నలుగురు యువకులు విద్యుద్ఘాతమున మరణించిరి. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతపురమున కృష్ణాష్టమి ఊరేగింపు రథమునకు విద్యుత్తు తగిలి ఐదుగురు పోయిరి. వీరిలో ఒక్కరును తుపానున పోయినవారు కారు.

మన డెల్టాలో ఈ యపాయమునకు ఒక ప్రత్యేక రూపము కలదు. కోతలైన పిమ్మట గడ్డి ట్రాక్టర్లు చేల నుండి బయలుదేరును. 1956 నాటి విద్యుత్ నియమములలో వీథికి అడ్డముగా పోవు 11 వేల వోల్టుల తీగ 6.1 మీటర్ల ఎత్తున నుండవలెనని యున్నది. వీథి కాని చోట, అనగా చేనిలో, తొడుగు లేని తీగకు 4.6 మీటర్లు చాలునని యున్నది. ఎడ్లబండి పోవు చేనికి అది చాలియుండును. నేడు ట్రాక్టరు ట్రక్కుపై గడ్డిని వామివలె పేర్చి, దానిపై మనిషి కూర్చుండి వచ్చుచున్నాడు. వరికోత యంత్రము ధాన్యము పోయు గొట్టమును చాపుచున్నది. చేనిలో నియమము మారలేదు, వాహనము మారినది. అందును స్తంభము ఒరిగి, తీగ సాగి, ఆ 4.6 మీటర్లైనను మిగులని చోట్లు గ్రామగ్రామమునను కలవు.

ఇందు ఆసాముల బాధ్యతయు లేకపోలేదు. చేపల చెరువు త్రవ్వినప్పుడు తీసిన మన్నంతయు గట్టుపై పడును. ఆ గట్టు స్తంభముల వరుస క్రిందుగానే పోవును. స్తంభము ఎప్పటి ఎత్తుననే యున్నది. నేల పైకి లేచినది. ఆ గట్టుమీద లారీ నిలిపి మేత బస్తాలు దింపుకొను పనివాని తలకును తీగకును నడుమ ఎంత దూరమున్నదో కొలిచినవారు ఎందరు? లైను ఎత్తుటకు దరఖాస్తు పెట్టి అంచనా సొమ్ము చెల్లింపవలసి వచ్చునని గట్టు పోసిన సంగతిని దాచుట మర్యాదస్థులకు తగదు.

ఇక భూగర్భ మార్గము. హాలండు దేశము మనవలె నదుల ముఖద్వారమున నున్న పల్లపు భూమి. దానిలో కొంత భాగము సముద్ర మట్టమునకంటె దిగువ. అయినను ఆ దేశమున ఇండ్లకును వీథులకును పోవు విద్యుత్తీగలు దాదాపు అన్నియు నేలక్రిందనే యున్నవి. డెల్టా భూమిలో కేబులు నిలువదను వాదమునకు ఆ దేశమే సమాధానము. మన రాష్ట్రముననే హుద్‌హుద్ పిమ్మట ప్రపంచ బ్యాంకు ఋణముతో విశాఖపట్టణమున కొంత భాగమునందు తీగలను నేలలోనికి దింపిరి. సముద్రపు గాలిలోని ఉప్పు, చెట్లకొమ్మలు, గాలిపటములు, కాకులు, ఉడుతలు అను పైతీగల నిత్యశత్రువులకు అచట పనిలేదు. ఇనుప స్తంభము వానలో ముట్టుకొనిన కుఱ్ఱవానికిని భయములేదు.

మరి ఇంత మేలైనదానిని అంతటను ఏల చేయరాదు? వ్యయము మొదటి కారణము. పైనున్న తీగకు గాలియే తొడుగు. దానిని కొనవలసిన పనిలేదు. చెడిపోవునను చింతయు లేదు. అల్యూమినియపు పోగుల నడుమ ఉక్కు తీగను చుట్టి, పింగాణీ కుండలపై కట్టిన చాలును. అదే తీగను నేలలో పెట్టవలెనన్న దానిచుట్టు పాలిథిలీను తొడుగు, దానిపై లోహపు పొర, దానిపై ఉక్కు కవచము, మరల పై పూత కావలెను. కందకము త్రవ్వి, ఇసుక పరచి, పైన పలకలు కప్పి, తెలియక త్రవ్వువానికి హెచ్చరికగా పట్టీ పరువవలెను. 11 వేల వోల్టుల లైనుకే ఈ వ్యయము పైతీగ వ్యయమునకు పలు రెట్లు. వోల్టేజి పెరిగినకొలది వ్యత్యాసమును పెరుగును. 400 కిలోవోల్టుల మార్గములకు పదిరెట్లకు పైబడుటయు కలదు. అదిగాక ఆల్టర్నేటింగు కరెంటును మోయు పొడవైన కేబులు తన తొడుగును మాటిమాటికి నింపుటకే తన సత్తువలో కొంత ఖర్చుచేయును. కొన్ని పదుల కిలోమీటర్లు పోవునప్పటికి అవతలి చివర మిగులునది తగ్గును గాన నడుమ నడుమ రియాక్టర్లను నిలుపవలెను. జర్మనీ 2015లో తన దేశపు పెద్ద లైన్లను నేలక్రింద వేయుటకే ప్రాధాన్యమిచ్చు చట్టము చేసినప్పుడు, అది డైరెక్టు కరెంటు లైన్లకు మాత్రమే.

రెండవ కారణము మరమ్మతు. పైతీగ తెగినచో లైన్‌మన్ సైకిలుపై పోయి కంటితో చూచును. నిచ్చెన వేసి పూటలో కట్టును. గాలివాన వెలిసిన మరుసటి ఉదయము మోకాలిలోతు నీటిలో స్తంభములను మోయు ఆ మనుష్యులకు మన సమాజము చేయవలసినంత గౌరవము చేయుట లేదని ప్రసంగవశమున చెప్పక తప్పదు. నేలలోని కేబులు చెడినచో ఎచట చెడినదో కంటికి కనబడదు. యంత్రముతో దూరమును గుర్తించి, రోడ్డు పగులగొట్టి, చెడిన ముక్కను కోసి, క్రొత్త అతుకు వేయవలెను. ఆ అతుకు వేయుట కంసాలి పనివంటిది. తడియు దుమ్మును తగులరాదు. చేయి తిరిగినవాడు కాకున్న అదే చోట మరల చెడును. న్యూజీలాండులోని ఆక్లండు నగరమున 1998 జనవరి, ఫిబ్రవరి నెలలలో నాలుగు ప్రధాన కేబుళ్లు ఒకదాని వెంట నొకటి చెడిపోగా, నగర మధ్యభాగము ఐదు వారములు విద్యుత్తు లేక స్తంభించినది. అచట తుపాను లేదు, యుద్ధము లేదు. ఎండకాలమున వేడెక్కిన నేలలో పాతబడిన కేబుళ్లపై భారము పెరిగినది, అంతే.

మన నేల గుణమును మూడవ కారణముగా చెప్పవలసి యున్నది. నల్లరేగడి వానకు ఉబ్బును. ఎండకు చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. సంవత్సరము సంవత్సరము ఇట్లు ఉబ్బి కుంగు భూమిలో కేబులు అతుకులు లాగబడును. దిగువ డెల్టాలో కొంచెము త్రవ్విన నీరు; తీరమున ఆ నీరును ఉప్పు. హాలండువారు ఇట్టి చిక్కులను దాటలేదా యన్నచో, దాటిరి; దశాబ్దముల తరబడి మంచి సరకు కొని, మంచి పనివారిని తయారుచేసి, ఏ కేబులు ఏ వీథిలో ఎంత లోతున నున్నదో పటములలో వ్రాసిపెట్టుకొని దాటిరి. విజయవాడలో పరిస్థితి చూడుడు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ ఊరిని చీల్చుకొని పోవుచున్నవి. మంచినీటి గొట్టమువారు ఒకనాడు, మురుగునీటివారు ఒకనాడు, టెలిఫోనువారు ఒకనాడు అదే వీథిని త్రవ్వుచున్నారు. ఒకరి పటము ఒకరివద్ద లేదు. నిన్న వేసిన తారురోడ్డును నేడు పగులగొట్టుట మన పట్టణములలో వినోదముగా మారినది. అట్టిచోట పలుగుకు 11 వేల వోల్టులు తగిలిన నాడు ఎవరు జవాబు చెప్పుదురు?

ఈ యభ్యంతరములు ఏవియు భూగర్భ మార్గమును విడువుమని చెప్పుట లేదు; ఆయత్తము లేక దిగవలదని చెప్పుచున్నవి. కాని బుడమేరు చెప్పినది వీనన్నింటికంటె ముఖ్యమైనది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహముతో పోవుచుండగా, గండ్లు పడిన బుడమేరు అజిత్‌సింగునగరము, పాయకాపురము, రాజరాజేశ్వరీపేటలపై పడినది. దినముల తరబడి ఆ పేటలలో విద్యుత్తు లేదు. ఏల లేదు? గాలికి తీగలు తెగినవా? లేదు. నీటిలో నిలిచిన ఇండ్లకు విద్యుత్తు ఇచ్చినచో ప్రాణములు పోవునని ఆపిరి. అది సరియైన పనియే. సబ్‌స్టేషన్లలోనికి సైతము నీరు చేరినది. వీథులలోని ట్రాన్స్‌ఫార్మరు గద్దెలు మునిగినవి. నీరు తీసిన పిమ్మటను ఒక్కొక్క పెట్టెను ఆరబెట్టి, పరీక్షించి, వీథి వీథికి విద్యుత్తు వదలవలసి వచ్చినది. అప్పుడు తీగలన్నియు నేలలో నుండినచో ఏమగును? కేబులు స్వయముగా నీటికి ఓర్చును. కాని ప్రతి నాలుగు వీథులకును నేలమీద నిలుపు స్విచ్చి పెట్టె, దీనిని రింగ్ మెయిన్ యూనిటు అందురు, నీటికి ఓర్వదు. భూగర్భ విధానమున ఇట్టి పెట్టెలు నేటికంటె హెచ్చుగా నేలకు చేరువను నిలుచును. గాలిబారి నుండి తప్పించుకొని నీటిబారిన పడుటకు కోట్లు వెచ్చించుట వివేకము కాదు. 2012 అక్టోబరు 29వ తేదీన శాండీ తుపానులో న్యూయార్కు నగరమున జరిగినది ఇదియే. మన్‌హాటనులో తీగలు నేలక్రిందనే యున్నవి. నదీతీరపు సబ్‌స్టేషనులోనికి ఉప్పునీరు చేరి అది పేలిపోగా, నగరపు దక్షిణభాగము నాలుగు దినములు చీకటిలో నుండెను.

పాఠకులలో భూస్వాములు పలువురు గలరు గనుక మహామార్గముల సంగతియు ప్రస్తావింపవలసి యున్నది. తమ చేలమీదుగా పోవు టవరు లైన్లను నేలక్రిందికి మార్చుమని రైతులు కోరుట మేము ఎరుగుదుము. వారి కష్టము నిజమైనది. 132 కిలోవోల్టుల లైనుకు 27 మీటర్లు, 220కు 35 మీటర్లు, 400కు 46 మీటర్ల వెడల్పున మార్గము కావలెను. ఆ మేర ఇల్లు కట్టరాదు, కొబ్బరి పెంచరాదు. అమ్మబోయిన ధర పలుకదు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టపు అధికారములను 2003 నాటి విద్యుచ్ఛట్టపు 164వ సెక్షను ద్వారా పొంది, రైతు సమ్మతితో పనిలేకయే లైను వేయుచు వచ్చిరి. టవరు పాదము క్రింది భూమికి విలువలో నూటికి 85, తీగల క్రింది మార్గమునకు నూటికి 15 వరకు పరిహారమని 2015లో కేంద్రము సూచించినది. 2024 జూన్‌లో దానిని సవరించి పాదమునకు విలువకు రెట్టింపు, మార్గమునకు నూటికి 30 అని నిర్ణయించినది. రాష్ట్రములు తమ ఉత్తర్వులతో అమలుచేయవలసిన సూచనలివి.

మేము రైతులకు చెప్పునది యేమనగా, కేబులు వేసినను భూమి మీకు స్వేచ్ఛగా మిగులదు. కందకము పొడవునను చెట్టు నాటరాదు, చెరువు త్రవ్వరాదు, బోరు వేయరాదు. మరమ్మతు వచ్చినప్పుడు చేను నడుమ గొయ్యి పడును. టవరు నాలుగు పాదముల నడుమ నేలను మాత్రమే తినును. వరి దాని చుట్టును పండును. పది రెట్ల వ్యయము కోరుటకంటె, ఆ వ్యయములో స్వల్పభాగముతో నిండుగా ఇయ్యదగిన పరిహారమును సకాలమున, రిజిస్ట్రేషను కాగితములలోని ధరకు గాక నిజమైన ధరకు కోరుట లాభము. ఆ కోరికలో మేము వారి పక్షముననే యున్నాము. పరిహారమును కార్యాలయముల చుట్టు త్రిప్పి త్రిప్పి ఇచ్చు పద్ధతి పోవువరకు టవరుకు అడ్డుపడు రైతును అభివృద్ధి నిరోధకుడని నిందించు హక్కు ఎవ్వరికిని లేదు.

వ్యయమును ఎవరు భరింపవలెనను ప్రశ్న మిగిలినది. అమరావతికై ప్రపంచ బ్యాంకును ఆసియా అభివృద్ధి బ్యాంకును 2024 డిసెంబరులో ఋణములు మంజూరు చేసినవి. క్రొత్త నగరమున రోడ్డుతోపాటు కందకమును ఒక్కసారే త్రవ్వుదురు గాన అచట తీగలు పాతుట విలాసమని మేము అనము; రోడ్డు వేసిన పిమ్మట పగులగొట్టుటయే విలాసము. కాని ఋణము ఋణమే. పాత పట్టణములలో చేయు పనికి అట్టి ఋణము లేనిచో సొమ్ము నియంత్రణ మండలి నిర్ణయించు చార్జీల ద్వారా వినియోగదారులందరి మీదను పడును. వ్యవసాయమునకు 2004 నుండి ఉచిత విద్యుత్తు కలదు గాన ఆ భారము ముఖ్యముగా ఇండ్లమీదను అంగళ్లమీదను పడును. బీసెంటురోడ్డు అంగడి ముందర తీగలు కనబడకుండ చేయుటకు మోపిదేవిలోని కూలివాని బిల్లు పెంచుట న్యాయమా? వీథి అందము కొరకైనచో న్యాయము కాదు. ప్రాణము కొరకైనచో, ఎక్కువమంది ప్రాణములు ఎచట తీగక్రింద మెలగుచున్నవో అచటనే ఆ సొమ్ము వెచ్చించినచో, న్యాయము. అందుచేత సుందరీకరణ పేరిట వచ్చు భూగర్భ పథకములను మేము సందేహముతోనే చూతుము. అంగడివీథులవారు తమ వాటాగా కొంత చెల్లించుటయు ధర్మమే.

పొలములలో పైతీగను మార్చుమని మేము చెప్పుట, రైతునకు రెండవతరగతి సరకు చాలునని కాదు. తొడుగు వేసిన కండక్టర్లును, ఇండ్లకు పోవు చిన్న లైన్లకు నాలుగు తీగలను ఒక్కటిగా పెనవేసిన ఏబీ కేబుళ్లును నేడు మన దేశముననే తయారగుచున్నవి. వీని వెల బోడితీగ వెలకు ఎక్కువయే గాని భూగర్భ కేబులుతో పోల్చదగినది కాదు. కొమ్మ తగిలిన మాత్రమున మెరుపులు రాలవు. గడ్డి తగిలిన మాత్రమున బండి తగులబడదు. వానికి తోడు తీరమునకు చేరువనున్న మండలములలో స్తంభముల నడుమ దూరము తగ్గించి, పునాదికి కాంక్రీటు పోసి, నాలుగైదు స్తంభములకు ఒకచోట స్టే వైరుతో బిగించినచో, ఒక స్తంభము పడినప్పుడు వరుస యంతయు పేకముక్కలవలె పడదు. ప్రతి మండల కేంద్రమునకు రెండు దిక్కుల నుండి విద్యుత్తు అందునట్లు చేసినచో, అవనిగడ్డకు ఒక మార్గము తెగినను రెండవది మిగులును. ఈ పనులలో శిలాఫలకములు లేవు, ప్రారంభోత్సవములు లేవు. అందుచేతనే ఇవి వెనుకబడుచున్నవని మా యనుమానము.

పట్టణములలో మొదటివరుసకు రాదగినవి విజయవాడ వన్‌టౌను సందులు, కాళేశ్వరరావు మార్కెట్టు పరిసరములు, ఇంద్రకీలాద్రికి దసరా యాత్రికులు నడచు దారులు, ప్రభుత్వ ఆసుపత్రికిని నీటి పంపులకును పోవు ఫీడర్లు. పిమ్మట బందరు నడిబొడ్డు. మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, నగరపాలక సంస్థ, రోడ్లశాఖ, టెలిఫోనువారు ఒకే కందకమున, ఒకే పర్యాయమున, ఒకే పటముతో పని చేయుదుమని వ్రాతపూర్వకముగా ఒప్పుకొనువరకు ఒక్క వీథినైనను త్రవ్వరాదు. అతుకులు వేయు పనివారిని ఐ.టి.ఐ.లలో తయారుచేయుట కేబుళ్లకు టెండరు పిలుచుటకు ముందే ఆరంభింపవలెను. కాంట్రాక్టరు పని ముగించి పోయిన పిమ్మట చెడినదానిని బాగుచేయవలసినవారు ఇచటివారే గదా.

వీనికన్నింటికిని ముందు చేయవలసిన కొలత యొకటి కలదు. 2024లో బుడమేటి నీరు ఏ గోడపై ఎంత ఎత్తున నిలిచెనో సింగునగరువాసులు నేటికిని వ్రేలితో చూపగలరు. సున్నము వేసి ఆ గుర్తులను చెరపకముందే, ఆ ప్రాంతపు ప్రతి సబ్‌స్టేషనును, ప్రతి ట్రాన్స్‌ఫార్మరు గద్దెయు ఆ గుర్తునకు ఎంత పైన నున్నదో, ఎంత క్రింద నున్నదో కొలిచి, ఆ పట్టికను నగరపాలక సంస్థ కార్యాలయపు గోడపై అందరును చదువునట్లు అంటింపవలెను. గుర్తునకు క్రిందనున్నవానిని పైకి ఎత్తుటకు ఎంత సొమ్ము కావలెనో, ఎన్ని మాసములు పట్టునో దాని ప్రక్కనే వ్రాయవలెను. కేబుళ్ల టెండర్లు అటు పిమ్మట పిలువవచ్చును.